లెక్క, సుమారు

2014 ఆగస్టు 19, మంగళవారం. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి మూడు నెలలు కూడా కాలేదు. ఆ రోజు రాష్ట్రమంతా సెలవు. బస్సులు డిపోల్లో ఆగాయి, దుకాణాల షట్టర్లు దించేశారు, పెట్రోలు బంకులు కూడా మూసేశారు. ఎవరి ఇంట్లో వాళ్లు ఉండాలని ప్రభుత్వం చెప్పింది. దాని పేరు సమగ్ర కుటుంబ సర్వే. లక్షల మంది ఉద్యోగులు ఒక్క రోజులో ప్రతి గడపా తొక్కి, ఇంట్లో ఎంతమంది, ఏం పని చేస్తారు, భూమి ఎంత, పింఛను వస్తుందా అని రాసుకుని రావాలి. అంతకుముందు రెండు మూడు రోజులు ముంబై, భివండీ, సూరత్‌ల నుంచి వచ్చే బస్సులూ రైళ్లూ కిక్కిరిసిపోయాయి. లెక్కకు ఇంట్లో లేకపోతే పేరు ఎగిరిపోతుంది, పేరు పోతే రేషన్ కార్డు పోతుంది అన్న భయం జనంలో ఉంది. నిజామాబాద్ లాంటి వలసల జిల్లాకి ఆ భయం మరీ ఎక్కువ.

ఆ సర్వే మీద రాజకీయంగా చాలా వాదనలు జరిగాయి. నా ప్రశ్న వేరే. మనుషుల్ని లెక్కపెట్టడానికి ఒక రాష్ట్రాన్ని మొత్తంగా ఎందుకు ఆపాల్సి వచ్చింది?

నేను డేటాబేసుల మీద పనిచేసి బతికేవాణ్ణి. మా వృత్తిలో ఆ రోజు జరిగినదానికి ఒక పేరుంది: లాక్. చదివేవాడు చదవడం పూర్తయ్యేదాకా రాసేవాళ్లు ఎవరూ ముట్టుకోకూడదు. అసలు ఇలాంటి తాళం ఎందుకు కావలసి వచ్చిందీ, దాన్ని తీసేసి బతకడం ఎప్పుడు నేర్చుకున్నామూ అని వెతుక్కుంటూ పోతే, కాలిఫోర్నియా ప్రయోగశాలల కంటే ముందు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ తగులుతుంది. ఇంకా ముందుకు పోతే 1881 నాటి ఒక వెన్నెల రాత్రి తగులుతుంది.

*

మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువల కింద చెరకు పెరిగింది, ఆ చెరకు కోసం 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆ చోటు పేరే శక్కర్‌నగర్ అయింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. కాలువ నీళ్లను చూసి కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు, వాళ్ల ఊళ్లకు ఇప్పటికీ క్యాంపులనే పేరు.

చక్కెర ఫ్యాక్టరీ సీజన్‌లో రాత్రీ పగలూ నడుస్తుంది. నరికిన చెరకు నిలవుంటే అందులోని చక్కెర తగ్గిపోతుంది కాబట్టి ఆగడానికి లేదు. మిల్లులో రసం పిండుతారు, వేడి చేస్తారు, సున్నం కలిపి గంధకం పొగ పట్టిస్తారు, క్లారిఫయర్‌లో మడ్డి అడుక్కి దిగుతుంది. తేటరసం ఎవాపరేటర్లలో చిక్కబడి సిరప్ అవుతుంది, పాన్‌లలో గింజ కడుతుంది, సెంట్రిఫ్యూగల్‌లో తిరిగి చక్కెర ఒకవైపు, మొలాసిస్ ఒకవైపు పోతాయి. ఇప్పుడు మేనేజరు ఒక చిన్న ప్రశ్న అడిగాడనుకోండి: ఈ క్షణాన ఫ్యాక్టరీ లోపల, సంచుల్లోకి ఇంకా రాని చక్కెర ఎంత ఉంది?

కెమిస్టు కొలబద్ద పట్టుకుని బయల్దేరతాడు. లెక్క సులువుగా ఉండటానికి రెండే తొట్లు ఉన్నాయనీ, పైనుంచి కొత్త రసం రావడం లేదనీ అనుకుందాం. ఒక్కోదాంట్లో వంద టన్నుల చక్కెర ఉంది. మొదటి తొట్టి కొలిచి 100 అని రాసుకున్నాడు. రెండోదాని దగ్గరికి మెట్లెక్కి వెళ్లేలోపు 20 టన్నులు మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి పోయాయి. అక్కడ 120 కనబడింది. మొత్తం 220. లేని 20 టన్నులు ఎక్కడి నుంచో వచ్చాయి. పోనీ, కింది నుంచి పైకి కొలుచుకుంటూ వస్తే? రెండోది ముందు, 100. మొదటిది తర్వాత, 80. మొత్తం 180. ఉన్న 20 టన్నులు మాయమయ్యాయి.

ఇందులో ఎవరూ తప్పు చేయలేదు. కొలబద్ద సరైనదే, కెమిస్టు నిజాయితీపరుడే, ప్రతి అంకే అది రాసిన క్షణానికి నిజమే. రెండు వేర్వేరు క్షణాల నిజాలను కూడితే, ఏ క్షణంలోనూ నిజం కాని మొత్తం వచ్చింది. డేటాబేసుల్లో అచ్చం ఇదే. ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు డబ్బు మారుతున్నప్పుడు బ్యాంకు మొత్తం నిల్వ ఎంత అని ఒక రిపోర్టు నడిపితే, రెండు ఖాతాలనూ చదివిన వరసను బట్టి డబ్బు పుడుతుంది, లేదా చస్తుంది.

ఫ్యాక్టరీకి ఒక అదృష్టం ఉంది. సీజన్ అయిపోతుంది. తొట్లన్నీ ఖాళీ చేసి కడిగేశాక ఆఖరి నివేదిక రాస్తారు. ఆర్టీ-8సీ అంటారు దాన్ని. అప్పటికి లోపల కదిలేదేమీ ఉండదు కాబట్టి ఆ లెక్క నిలబడుతుంది. మనుషులకు ఆఫ్ సీజన్ లేదు. పుడుతూ, పోతూ, పెళ్లిళ్లై వేరే ఊళ్లకు వెళుతూ, పని వెతుక్కుంటూ బస్సులెక్కుతూ ఉంటారు. వాళ్లను ఎలా లెక్కపెట్టాలి?

*

ఈ సమస్య బ్రిటిష్ ఇండియా అధికారులకు తెలుసు. 1872 నాటి మొదటి లెక్కలు ఒకేసారి తీసినవి కావు. ఒక్కో ప్రాంతంలో ఒక్కో కాలంలో తీశారు. అంటే కెమిస్టు నింపాదిగా మెట్లెక్కినట్టు. 1881లో పద్ధతి మార్చారు. దేశమంతా ఒకే రాత్రి, ఫిబ్రవరి 17. హైదరాబాద్ సంస్థానంలో తొలి జనాభా లెక్కలు కూడా అవే. ఇప్పటి నిజామాబాద్ జిల్లా అప్పటికి ఇందూరు.

ఒక్క రాత్రి లెక్క అంటే అన్నీ ఆ రాత్రే రాయడం కాదు. కొన్ని వారాల ముందే ఎన్యూమరేటర్లు ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపి పెట్టుకునేవాళ్లు. నిర్ణయించిన రాత్రి మళ్లీ వెళ్లి సరిచూసేవాళ్లు. లేనివాళ్ల పేరు కొట్టేయడం, చుట్టం వచ్చి ఉంటే చేర్చడం, మధ్యలో పుట్టిన బిడ్డను రాయడం, పోయినవాళ్లను తీసేయడం. దారుల్లో, సత్రాల్లో, రైళ్లలో ఉన్నవాళ్లను అక్కడికక్కడే రాసుకునేవాళ్లు. చీకట్లో తిరగాలి కాబట్టి వెన్నెల ఉండే రాత్రినే ఎంచుకునేవాళ్లు. ఆ తర్వాతి తేదీలు కూడా అలా పెట్టినవే: 1891 ఫిబ్రవరి 26, 1901 మార్చి 1, 1911 మార్చి 10, 1921 మార్చి 18, 1931 ఫిబ్రవరి 26.

ముందే చదివి పెట్టుకో, చివర్లో ఒక్కసారి సరిచూసుకో, తేడా వచ్చిన చోట దిద్దుకో. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. 1981లో కుంగ్, రాబిన్సన్ అనే ఇద్దరు ఆప్టిమిస్టిక్ పద్ధతుల గురించి ఒక పేపరు రాశారు. తాళాలు వేయకుండా పని చేసుకుపోయి, ఆఖర్లో ఎవరైనా మధ్యలో మార్చారా అని తనిఖీ చేసుకునే పద్ధతి. మా రంగంలో అందరూ తలచుకునే పేపరు అది. దాని అసలు కీలకాన్ని సరిగ్గా నూరేళ్ల ముందు లాంతర్లు పట్టుకుని తిరిగిన పట్వారీలూ బడిపంతుళ్లూ చేసి చూపించారు. వాళ్లు తేడా వచ్చిన పేరు ఒక్కటే దిద్దేవాళ్లు. కంప్యూటరు మొత్తం పని పారేసి మొదటి నుంచి చేస్తుంది. అంతే తేడా.

అప్పట్లో దీన్ని ఉర్దూలో మర్దుమ్ షుమారీ అన్నారు. మనుషుల లెక్క అని అర్థం. ఫారసీ 'షుమార్' అంటే లెక్క, సంఖ్య. అదే మాట తెలుగులోకి వచ్చి 'సుమారు' అయింది. మనకు సుమారు అంటే రమారమి, ఉజ్జాయింపు. లెక్క అనే మాటే మన దగ్గరికి వచ్చేసరికి ఉజ్జాయింపుగా మారిపోయింది. ఎవరు మార్చారో గానీ, లెక్కలు రాసేవాళ్లను దగ్గర నుంచి చూసినవాళ్లే అయ్యుంటారు.

1941లో ఒక్క రాత్రి పద్ధతిని వదిలేశారు. ఒకే రాత్రికి అంతమందిని ఊరూరా నిలబెట్టడం మోయలేని భారమైంది. పైగా యుద్ధకాలం. స్వాతంత్ర్యం వచ్చాక, 1951 నుంచి, ఒక చిత్రమైన ఏర్పాటు స్థిరపడింది. లెక్క మూడు వారాలు నడుస్తుంది. కానీ ఫలితం మాత్రం ఒక్క క్షణానిది. 1951లో ఆ క్షణం మార్చి 1 సూర్యోదయం. 2001 నుంచి మార్చి 1 తెల్లవారితే అన్న మాట పోయి, ఫిబ్రవరి ఆఖరి రోజు దాటిన అర్ధరాత్రి, సున్నా గంటలు.

2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇల్లిల్లూ తిరిగారు. 28 రాత్రి బస్టాండ్లలో, ఫుట్‌పాత్‌ల మీద, గుళ్ల దగ్గర పడుకున్న ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టారు. మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ వెళ్లి సరిచూశారు. ఈ సరిచూడటంలో ఉంది అసలు సంగతి. మార్చి 3న ఎన్యూమరేటరు ఒక ఇంటికి వెళ్లాడనుకోండి. ఉయ్యాల్లో పాప ఏడుస్తోంది. నిన్న పుట్టింది. ఆ పాపను రాయకూడదు. ఆ అర్ధరాత్రికి ఆమె లేదు. అదే ఇంట్లో గోడకు కొత్తగా దండ వేసిన ఫొటో ఉంది. ముసలాయన నిన్న పోయాడు. ఆయన పేరు కొట్టేయకూడదు. ఆ అర్ధరాత్రికి ఆయన ఉన్నాడు. ఎన్యూమరేటరు తన కళ్లెదురుగా ఉన్నదాన్ని చూడనట్టు, లేనిదాన్ని చూస్తున్నట్టు రాయాలి. దేశాన్ని ఆపకుండా, ఆగినట్టు చూడటం అన్నమాట.

*

కంప్యూటర్ల వాళ్లు ఇదే దారిలో, ఇదే వరసలో నడిచారు.

1970లలో ఐబీఎం వాళ్ల శాన్ హోసే ప్రయోగశాలలో సిస్టమ్ ఆర్ అనే డేటాబేసు తయారవుతోంది. 1976లో హాలోవీన్ పండగ రోజుల్లో డాన్ చాంబర్లిన్, పాట్ సెలింజర్, మోర్టన్ ఆస్ట్రహాన్ ఒక వింతను గమనించారు. 25 వేల డాలర్ల లోపు జీతం ఉన్నవాళ్లందరికీ పది శాతం పెంచమని ఒక ఆజ్ఞ ఇచ్చారు. అయిపోయాక చూస్తే అందరి జీతాలూ 25 వేలకు చేరిపోయి ఉన్నాయి. సంగతేమిటంటే, డేటాబేసు జీతాల వరసలో తక్కువ నుంచి ఎక్కువకు పోతూ ఒక్కొక్కరికీ పెంచుతోంది. పెంచగానే ఆ మనిషి వరసలో ముందుకు జరుగుతున్నాడు. డేటాబేసు అక్కడికి చేరేసరికి మళ్లీ ఎదురుపడుతున్నాడు. ఇంకా 25 వేల లోపే కదా అని మళ్లీ పెంచుతోంది. ఫ్యాక్టరీ కాటా దగ్గర తూకమైన చెరకుబండి దించకుండానే చుట్టూ తిరిగొచ్చి మళ్లీ లైనులో నిలబడితే ఎలా ఉంటుందో అలా. దీనికి ఇప్పటికీ హాలోవీన్ సమస్య అనే పేరు. చదువుతున్నదాన్నే మారుస్తూ పోతే చదవడం ఎప్పటికి పూర్తవుతుంది?

అదే ఏడాది అదే ప్రయోగశాల నుంచి ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రైగర్ అనే నలుగురి పేపరు వచ్చింది. తాళాల శాస్త్రానికి అది పునాది. చదివే ముందు తాళం వేసుకో, కావలసినవన్నీ అయ్యేదాకా ఏదీ విప్పకు. అందులో వాళ్లు ఒక చిక్కు కూడా చెప్పారు. ఉన్న వరసలకు తాళం వేయొచ్చు. ఇంకా లేని వరసలకు ఎలా వేస్తావు? బోధన్‌లో ఎంతమంది ఉన్నారని నువ్వు లెక్కపెట్టే లోపు కొత్త మనిషి బస్సు దిగితే, అతనికి తాళం వేయడానికి అప్పటిదాకా అతను నీ పట్టికలోనే లేడు. అలాంటివాటికి ఫాంటమ్ అని పేరు పెట్టారు. మన మాటలో దయ్యం. దయ్యాలు రాకుండా ఉండాలంటే మనుషులకు తాళం వేస్తే చాలదు. 'బోధన్‌లో ఉండే ఎవరైనా' అనే షరతుకే తాళం వేయాలి. 2014 ఆగస్టు 19న బస్సులు ఎందుకు ఆపారో ఇప్పుడు అర్థమవుతుంది. అది షరతుకు వేసిన తాళం.

తాళాలతో చిక్కు ఏమిటంటే పని ఆగిపోతుంది. ఒక పెద్ద రిపోర్టు నడుస్తుంటే డబ్బు వేసేవాళ్లు, తీసేవాళ్లు అందరూ నిలబడాలి. ఒక రోజు కూలీ పోతే ఎంత నష్టమో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఇంకో ఆలోచన పుట్టింది. 1978లో ఎంఐటీలో డేవిడ్ రీడ్ తన పరిశోధన గ్రంథంలో దానికి ఒక రూపం ఇచ్చాడు. ఏదీ చెరపకు. మార్చాల్సి వస్తే పాతదాన్ని ఉంచి కొత్త ప్రతి రాయి, ఎప్పుడు రాశావో గుర్తు పెట్టు. చదవడానికి వచ్చినవాడికి ఒక క్షణం ఇవ్వు. అతను ఆ క్షణానికి చెల్లిన ప్రతులనే చూస్తాడు. రాసేవాడు రాసుకుంటూనే ఉంటాడు, చదివేవాడు చదువుకుంటూనే ఉంటాడు, ఒకరికోసం ఒకరు ఆగక్కర్లేదు. ఊళ్లో పాత రెవెన్యూ కాగితాలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పాత పేరు మీద గీత గీసి పక్కన కొత్త పేరు రాస్తారు. గీత కింద పాత పేరు కనిపిస్తూనే ఉంటుంది.

ఇవాళ మనం వాడే ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అన్నీ ఏదో ఒక రూపంలో దీని మీదే నడుస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి వరస ప్రతికీ రెండు గుర్తులుంటాయి: ఏ లావాదేవీ దీన్ని పుట్టించింది, ఏ లావాదేవీ దీన్ని చంపింది. చదివేవాడి క్షణానికి ముందే పుట్టి, ఆ క్షణానికి ఇంకా చావనిది మాత్రమే అతనికి కనబడుతుంది. ఉయ్యాల్లో పాపకూ గోడ మీది ముసలాయనకూ ఎన్యూమరేటరు వర్తింపజేసిన నియమమే ఇది. దీన్ని స్నాప్‌షాట్ అంటారు.

ఒక చిన్న మెలిక ఉంది. పోస్ట్‌గ్రెస్‌ను దాని మానాన వదిలేస్తే ఒక లావాదేవీలోని ప్రతి ప్రశ్నకూ కొత్త క్షణం ఇస్తుంది. మొదటి ప్రశ్నకు వచ్చిన మొత్తం, రెండో ప్రశ్నలోని విడివిడి అంకెల కూడికతో కలవకపోవచ్చు. మొత్తం పనంతటికీ ఒకే క్షణం కావాలంటే మనమే నోరు తెరిచి అడగాలి. చాలామంది అడగరు. మా రంగంలో నెలాఖరు లెక్కలు కలవక రాత్రిళ్లు కూర్చునేవాళ్లలో కొందరి కష్టానికి కారణం ఇదే.

*

ఇక్కడిదాకా చెబితే ఇది ఒక గెలుపు కథలా ఉంటుంది. ముందు అడ్డదిడ్డంగా లెక్కపెట్టారు, తర్వాత తాళం వేశారు, తర్వాత తాళం లేకుండానే ఒక క్షణాన్ని పట్టుకున్నారు. కానీ నిజామాబాద్ నుంచి చూస్తే కథ అలా ముగియదు.

2011 లెక్కల ప్రకారం అప్పటి నిజామాబాద్ జిల్లా జనాభా 25,51,335. అందులో మగవాళ్లు 12,50,641, ఆడవాళ్లు 13,00,694. వెయ్యి మంది మగవాళ్లకు 1,040 మంది ఆడవాళ్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంత నిష్పత్తి ఇంకే జిల్లాలోనూ లేదు. దేశం సగటు అప్పుడు 943. ఆడపిల్లలు తగ్గిపోతున్నారని దేశమంతా బాధపడుతున్న కాలంలో ఈ అంకెను చూసి సంబరపడొచ్చు. కానీ ఆర్మూర్ వైపు ఏ ఊరికైనా వెళ్లి అడిగితే ఆ యాభై వేల తేడాలో కొంత భాగం ఎక్కడుందో చెబుతారు. దుబాయ్, మస్కట్, దోహా, రియాద్, కువైట్. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుడుతుంటారు, మగవాళ్లు అక్కడ కట్టడాల మీద ఉంటారు.

మన జనగణన దేశం లోపల ఉన్నవాళ్లనే రాస్తుంది. 2011 ఫిబ్రవరి 28 అర్ధరాత్రి లేబర్ క్యాంపులో పడుకున్న జక్రాన్‌పల్లి మనిషి ఆ లెక్కలో లేడు. ఇది పొరపాటు కాదు. పద్ధతి సరిగ్గా పనిచేసింది. ఆ క్షణానికి లోపల ఉన్నవాళ్లంతా ఒకే క్షణానికి కనిపించారు, ఒక్కరూ రెండుసార్లు రాలేదు. మా భాషలో దీన్ని కన్సిస్టెంట్ రీడ్ అంటారు. నికరమైన చదువు. కన్సిస్టెంట్ అంటే ఒక్కటే అర్థం: అన్ని అంకెలూ ఒకే క్షణానివి. సంపూర్ణం అని కాదు, న్యాయం అని అసలే కాదు. ఎవరు లోపల, ఎవరు బయట అన్న షరతు ఆ క్షణం రాకముందే రాసేసి ఉంటుంది. స్నాప్‌షాట్ ఎంత పదునుగా ఉంటే ఆ షరతు అంత కనబడకుండా పోతుంది.

2014లో భివండీ నుంచి బస్సులో నిలబడి వచ్చినవాళ్లకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు, అయినా తెలుసు. లెక్క ఏ క్షణాన జరుగుతుందో ఆ క్షణాన అక్కడ ఉండాలి. పవర్‌లూమ్ మీద మూడు నాలుగు రోజుల కూలీ వదులుకుని, చార్జీలు పెట్టుకుని వచ్చారు. తాళం ఖర్చంతా లెక్కలోకి ఎక్కేవాళ్లే భరించారు. దుబాయ్ నుంచి అలా వచ్చిపోవడం కుదరదు.

పదేళ్ల తర్వాత, 2024 నవంబరు 6న, రాష్ట్రం మళ్లీ ఇంటింటి సర్వే మొదలుపెట్టింది. ఈసారి కులాల లెక్క కోసం. ఈసారి తాళం వేయలేదు. సుమారు యాభై రోజులు నడిచింది. 96.9 శాతం ఇళ్లు అయ్యాయని, 3.54 కోట్ల మంది లెక్కలోకి వచ్చారని 2025 ఫిబ్రవరిలో చెప్పారు. 2014 లెక్కతో పోలిస్తే ఏ వర్గం ఎందుకు తగ్గిందని గొడవ జరిగింది. మిగిలిపోయినవాళ్ల కోసం అదే నెలలో ఇంకోసారి తలుపు తెరిచారు. ఎవరి పక్షం సరైనదో తేల్చడం నా పని కాదు. కానీ ఒక రోజు తాళం వేసి తీసిన లెక్కనూ, యాభై రోజులు తలుపులు తెరిచి పెట్టి తీసిన లెక్కనూ పక్కపక్కన పెట్టి తీసివేత చేసేటప్పుడు, ఆ తేడాలో మనుషులెంత, పద్ధతెంత అని అడగాలి. కెమిస్టు పైనుంచి కిందికి కొలిచాడా, కింది నుంచి పైకి కొలిచాడా అని అడిగినట్టు.

*

స్నాప్‌షాట్‌కు ఇంకో జబ్బు ఉంది. అది పాతబడుతుంది.

ఒరాకిల్‌లో ఒక ప్రశ్న మరీ ఎక్కువసేపు నడిస్తే, అది అడిగిన క్షణపు పాత ప్రతులు అప్పటికే తుడిచిపెట్టుకుపోయి ఉంటే, డేటాబేసు చేతులెత్తేస్తుంది. ఓఆర్ఏ-01555 అనే ఎర్రర్ వస్తుంది. స్నాప్‌షాట్ మరీ పాతదైపోయింది అని అర్థం. చాలామంది ఇంజనీర్లు దాన్ని తిట్టుకుంటారు. నాకు మాత్రం అది చాలా నిజాయితీ గల మాటగా అనిపిస్తుంది. తన దగ్గర చెప్పడానికి సరైన జవాబు లేదని ఒప్పుకుంటోంది కదా.

మన దేశం ఇంకా 2011 అర్ధరాత్రిలోనే ఉంది. 2021లో జరగాల్సిన లెక్క జరగలేదు. ఆహార భద్రత చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎంతమందికి బియ్యం అనే కోటా 2011 జనాభా మీదే నడుస్తోంది. ఈలోపు రాష్ట్రం మారింది. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. 2002లోనే సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయి ఉంది. మూతతో శక్కర్‌నగర్ కార్మికులు చెదిరిపోయారు, చెరకు రైతులు వరికి మళ్లారు. 2016 అక్టోబరు 11న జిల్లానే చీలింది. బాన్సువాడ, బిచ్కుంద, జుక్కల్ వైపంతా కామారెడ్డి జిల్లాలోకి పోయింది. 2011 నిజామాబాద్ అన్న పట్టికలో ఉన్నది ఇప్పుడు లేని ఒక జిల్లా. ఎక్కడా ఎర్రర్ మాత్రం రాదు. అడిగితే అంకె వస్తుంది, ఆఖరి అంకె దాకా కచ్చితంగా.

గీతలు మారడం ఈ జిల్లాకు కొత్తేమీ కాదు. 1956 నవంబరు 1న భాషా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి నిజామాబాద్‌లో కలిశాయి. 1951 లెక్కనూ 1961 లెక్కనూ ఊరికే పోల్చితే, ఆ పదేళ్లలో పుట్టకుండానే వచ్చి చేరిన వేలమంది కనబడతారు. అందుకే జనగణన వాళ్లు ప్రతిసారీ పాత అంకెలను కొత్త సరిహద్దుల్లోకి తిరగరాసి ఇస్తారు. అందుకే లెక్కకు ముందు సరిహద్దులను గడ్డకట్టిస్తారు కూడా. రాబోయే జనగణనకు 2025 డిసెంబరు 31 తర్వాత జిల్లా, మండలం, ఊరి గీతలు మార్చొద్దని రాష్ట్రాలకు చెప్పారు. డేటాబేసులోనూ అంతే. స్నాప్‌షాట్ పద్ధతిలో చదివేవాడు వరసలకు తాళం వేయడు. కానీ పట్టిక ఆకారాన్ని మాత్రం తను చదివేదాకా ఎవరూ మార్చకుండా పట్టుకుంటాడు. మనుషులు కదిలితే సర్దుకోవచ్చు. గడులే కదిలితే ఏం రాసుకోవాలి?

రాబోయే క్షణం ఇప్పటికే నిర్ణయమైంది. 2027 మార్చి 1, సున్నా గంటలు. మంచుతో మూసుకుపోయే లద్దాఖ్ లాంటి చోట్లకు మాత్రం 2026 అక్టోబరు 1. ఒకే దేశానికి రెండు క్షణాలు. ఈసారి కాగితాలుండవు. ఎన్యూమరేటరు ఫోనులోనే రాసుకుంటాడు, కావాలంటే ఎవరి వివరాలు వాళ్లే నింపుకోవచ్చు. ఆ డేటా వచ్చి చేరే యంత్రాల్లో తాళాలూ స్నాప్‌షాట్‌లూ మా రంగం వాళ్లు రాసినవే ఉంటాయి, బాగానే పనిచేస్తాయి. ఒక మనిషి రెండుసార్లు రాకుండా చూడటం వాటికి వచ్చు. ఎవరు రాలేదో చెప్పడం వాటికి రాదు. ఆ సంగతి తెలియాలంటే పక్కన ఇంకో ప్రశ్న వేయాలి: ఈ ఇంటి మనుషుల్లో ఇవాళ ఇక్కడ లేనివాళ్లు ఎవరు, ఎక్కడున్నారు, ఎందుకు పోయారు? కొన్ని సర్వేలు ఈ ప్రశ్న వేస్తాయి. వేసినప్పుడల్లా ఆ జవాబును అసలు మొత్తంలో కలపరు. పక్కన ఒక గడిలో ఉంచుతారు.

ఆ రాత్రి పన్నెండు కొట్టేటప్పుడు శంషాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే విమానం ఏదో ఒకటి సముద్రం మీద ఉంటుంది. అందులో మోర్తాడ్ మనిషో, భీమ్‌గల్ మనిషో కిటికీ పక్కన నిద్రపోతూ ఉంటాడు. వాళ్లింట్లో ఎన్యూమరేటరు మార్చిలో సరిచూడటానికి వచ్చినప్పుడు, ఈ పేరు ఉంచాలా తీయాలా అని అడుగుతాడు. ఎప్పుడు పోయిండు అని అడుగుతాడు. ఇంట్లోవాళ్లు కాస్త ఆలోచించి చెబుతారు: రాత్రి, సుమారు పదకొండింటికి.